రామనర్సయ్య కట్టిన చెక్కగంటలు

నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. ఆమె బడిలో పంతులమ్మ, అందుకని నా మాటలన్నిటినీ పుస్తకం భాషలోకి సర్దేస్తోంది. సర్దుకోనీ. రామనర్సయ్య మాటలు మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. నా పేరు సమ్మక్క. నాలుగో ఏట అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. నేను ఇవాళ ఈ గడప దాటి ఆ గడపకు ఒక్కదాన్నే నడుస్తున్నానంటే అది ఆయన పుణ్యమే. ఆయన పంతులూ కాదు, వైద్యుడూ కాదు. ఆవులు కాచుకునేవాడు.

బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. ఎర్రబోరు అనే పల్లెలో ఊరి గొడ్లన్నిటినీ పొద్దున్నే అడవికి తోలుకెళ్ళి సాయంత్రానికి తిరిగి తెచ్చేవాడు రామనర్సయ్య. పొదల్లో దూరిన ఆవు కంటికి కనిపించదు కదా, అందుకని మా వైపు ప్రతి ఆవు మెడకూ ఒక చెక్కగంట కడతారు. ఆ గంటలన్నీ ఆయనే చేసేవాడు. గుమ్మడిటేకు ముక్కను బొటనవేలి కణుపుతో కొలిచి, తొలిచి, లోపల రెండు చిన్న కర్రలు వేలాడదీసేవాడు. ఒక గంట మోత ఇంకో గంటకు ఉండేది కాదు. మధ్యాహ్నం చెట్టు కింద కళ్ళు మూసుకుని పడుకునే, ఎవరి ఆవు ఎవరి చేలో పడిందో చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ను సోమరి అనేవాళ్ళు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసు.

ఇక నా సంగతి. అమ్మ నాట్లకు వెళ్తూ నన్ను పందిరిగుంజకు తాడుతో కట్టి వెళ్ళేది. అమ్మను తప్పుపట్టను. ఒకసారి తడుముకుంటూ బావిదాకా వెళ్ళానట, అప్పటినుంచి ఆమెకు భయం. నీడ ఎటు జరిగితే అటు జరిగేంత తాడు, అంతే నా లోకం. తొమ్మిదో ఏట వెంకటనారాయణ పంతులుగారు అమ్మతో మాట్లాడి, ఆ తాడు విప్పించి, ఎర్రబోరులోని తన బడికి తీసుకెళ్ళారు. బడి అంటే రోడ్డు పక్కన ఒక తాటాకు పాక. చూపు లేనివాళ్ళం నలుగురం, చెవులు వినపడనివాళ్ళు ముగ్గురు. పాక చిన్నది కాబట్టి చేయి చాపితే గోడ తగిలేది, నాకు దిగులుండేది కాదు.

రెండేళ్ళకు వాగు పొంగి పాక కొట్టుకుపోయింది. పంతులుగారికి వయసు మీదపడింది, మళ్ళీ పాక వేసే ఓపిక లేదు. జగదల్‌పూర్‌లో మాలాంటి పిల్లల కోసం కొత్తగా బడి తెరిచారని విని, ఉత్తరం రాసి, మమ్మల్ని అక్కడ చేర్చే ఏర్పాటు చేశారు. మేం వెళ్ళే బడి బండినీ ఎడ్లనూ కూడా ఆ బడికే ఇచ్చేశారు. మమ్మల్ని దించి, మేం కుదురుకునేదాకా ఓ వారం ఉండి, కాలినడకన తిరిగి రావడానికి రామనర్సయ్య ఒప్పుకున్నాడు. ఊరి గొడ్లను పక్కింటి మంగ్లూకు అప్పజెప్పి, ఇరవై అయిదు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి బయలుదేరాడు.

దారిలో ఎనిమిది రోజులు. ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు, మమ్మల్ని కూర్చోనిచ్చేవాడూ కాదు. ఏ ఎద్దు ముందు నీళ్ళు తాగింది, ఏది తల విదిలించింది అని అడిగేవాడు. ఎడమ ఎద్దు గంట మొద్దుగా మోగేది, కుడి ఎద్దుది పలచగా. నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నా తర్వాత ఎర్రబోరు గొడ్లు నీవే అని ఆటపట్టించేవాడు. నా జన్మలో నన్ను ఒక పనికి పనికొస్తావన్న మొదటి మనిషి ఆయన.

కొత్త బడి గురూజీ చెడ్డవాడు కాదు. ఇరవై మంది పిల్లలకు ఒక్క ఆయా ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. బావికీ, వంటసాలకూ, మరుగుదొడ్డికీ ఎవరూ చేయి పట్టుకోకుండా వెళ్ళి రాగల పిల్లలనే ఉంచుకుంటానన్నాడు. పదిహేను రోజులు గడువిచ్చాడు. నాతో వచ్చిన చూపు లేని మిగతా ముగ్గురికీ వెలుతురూ నీడా తెలిసేవి, వాళ్ళు వారంలో నేర్చుకున్నారు. నాకు పగలూ చీకటే. ఆ ఆవరణ మైదానమంత. చేయి చాపితే గాలి తప్ప ఏమీ తగిలేది కాదు. ఎనిమిదో రోజు బావికని బయలుదేరి రోడ్డు మీదికి వెళ్ళిపోయాను, ఎవరో బండివాడు అరిచి ఎడ్లను ఆపాడు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఇంటికి పంపిస్తే నాకు మళ్ళీ ఆ గుంజే, ఆ తాడే.

తిరుగుప్రయాణానికి మూట కట్టుకున్న రామనర్సయ్య ఆ మూట విప్పేశాడు. వరండాలో కూర్చుని రెండు రోజులు చెక్కి మూడు గంటలు చేశాడు. ఒకటి బావి గిలక కొయ్యకు, ఒకటి వంటసాల తలుపుకు, ఒకటి మరుగుదొడ్డి గుమ్మానికి కట్టాడు. ఒక్కొక్కటీ ఊపి వినిపిస్తే నాకు వెంటనే పట్టుబడ్డాయి. ఆ పూటంతా ఆయన సంబరం చూడాలి. తెల్లవారి నేను ఆవరణ మధ్యలో నిలబడి చెవి పెట్టాను. ఎక్కడా చప్పుడు లేదు. గాలి లేదు, ఎవరూ తలుపు తీయలేదు, గంట ఎలా మోగుతుంది? నలభై ఏళ్ళు నడిచే మెడలకే గంట కట్టిన మనిషికి, గుమ్మం నడవదన్న సంగతి తోచనే లేదు. ఆయా పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నా పక్కన కూలబడ్డాడు.

అప్పుడు వంటసాల వైపు గంట మోగింది. మోగడమే కాదు, కదిలింది. నా దగ్గరికొచ్చి, నా చుట్టూ తిరిగి, బావి వైపు మళ్ళింది. ఆ గంటతో వచ్చింది జోగే. మా ఏడుగురిలో ఒకతె, జగర్గుండా వైపు పిల్ల, పుట్టుకతో చెవుడు, మాట రాదు. మా ముగ్గురి మొహాలూ చూసి ఏమనుకుందో ఏమో, తలుపు గంట విప్పి తన నడుముకు కట్టుకుంది. తన చెవికి ఎన్నడూ వినపడని గంటను నా కోసం కట్టుకుంది. నేను లేచి ఆ చప్పుడు వెంట నడిచాను. బావి గట్టు నా మోకాలికి తగిలింది.

రామనర్సయ్య ఆ గంటను ఆమె నడకకు సరిపడేలా సరిచేశాడు. ఇక ఇద్దరం వదల్లేదు. వెనకనుంచి బండి వస్తే నేను ఆమె కొంగు లాగేదాన్ని, ముందు గుంట ఉంటే ఆమె ఆగేది. పదిహేనో రోజు గురూజీ చూస్తుండగా బావికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయనకు నచ్చలేదు. ఇది ఒకరి వెనక నడవడమే గానీ సొంతంగా వెళ్ళడం కాదన్నాడు. రామనర్సయ్య ముందుకొచ్చాడు. గురూజీకి తెలుగు రాదు, ఈయనకు అక్కడి హల్బీ భాష సరిగా రాదు. ఎర్రబోరు సంతలో విని నేర్చుకున్న నా హల్బీయే దిక్కు. నన్ను ఉంచడమా పంపడమా అన్న మాటకు నేనే దుబాసీని.

"నలభై ఏండ్లు ఆవుల ఎనక నడిసిన దొరా," అన్నాడాయన. "అడివిల తొవ్వ నాకెరిక లేదు, ముందల వొయ్యే ఆవు గంటకెరిక. ఆ సప్పుడు వట్టుకునే రోజూ ఇల్లు జేరిన. అట్లని నేను ఇంటికి రాలేదంటవా?"

ఆ మాటను హల్బీలోకి తిప్పి చెప్పాను. గురూజీ నా ఊరి పేరు అడిగాడు. కాగితం మీద కలం గీరిన చప్పుడు నాకు బాగా వినిపించింది.

మర్నాడు పొద్దున రామనర్సయ్య ఊరికి బయలుదేరుతున్నాడని తెలిసి, గేటు దగ్గర ఆయన గొంతు వినిపించిన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాను. తాతా, నువ్వు లేకపోతే నా బతుకు గుంజ దగ్గరే ఉండేది, నీ రుణం తీర్చుకోలేను, ఇంకా ఏమేమో. బదులు రాలేదు. ఆయా వచ్చి, ఆయన ఎప్పుడో వెళ్ళిపోయాడు, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. చెప్పులు లేని కాళ్ళ చప్పుడు ఆ దుమ్ములో నాకు వినపడనే లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నెలల తరబడి ఆయన మీద అలిగాను.

దసరాకు జగదల్‌పూర్ అంతా జనం. ఆ రోజు గేటు దగ్గర గంట మోగింది. జోగేది కాదు, బడి ఎడ్లవీ కాదు, నేనెప్పుడూ వినని గంట. ఎవరిదో ఆవు లోపలికొచ్చిందని అదిలించబోయాను.

"నేనే బిడ్డా," అన్నాడు రామనర్సయ్య. "పోయినసారి సెప్పకుంట వోతినని నువ్వు తిట్టుకుంటవని ఎరికే. అందుకే ఈసారి నాక్గూడ ఒకటి కట్టుకుంటి."

చేయి చాపి తడిమాను. ఆయన నడుముకు తాడు, తాడుకు గంట. ఎర్రబోరు నుంచి అన్ని రోజులూ, దారినపోయే వాళ్ళు నవ్వుతుంటే, అది మోగించుకుంటూ వచ్చాడట. మేం చేరిన ఏడాది ఆయన నెల దాటి తిరిగి వెళ్ళినందుకు, సగం ఊరు గొడ్లను మంగ్లూకే వదిలేసిందని ఆయన నాకు చెప్పలేదు, ఆయన పోయాక మంగ్లూయే వచ్చి చెప్పాడు. ఆ దసరా రోజు మాత్రం నేను చెప్పాలనుకున్నదంతా ఆయనకు మళ్ళీ మొదటినుంచి చెప్పాను. చివరిదాకా కదలకుండా విన్నాడు. కదల్లేదని గంటే చెప్పింది.