కంప అడ్డం వేసిన తొవ్వ

మా పసుపు చేను రెండు ఊళ్ల నడుమ ఉంది. అవతలి ఊరి పిల్లలు మా ఊరి బడికి రావాలంటే రోడ్డు మీద చాలా దూరం తిరగాలి. అందుకని మా చేలోంచే అడ్డంగా నడిచేవారు. ఏటా పసుపు పెట్టగానే నేను ఆ తొవ్వలో తుమ్మకంప వేసేవాణ్ణి. దసరా నాటికి కంప పక్కకు పోయేది, తొవ్వ మళ్లీ తేలేది. నాకు ఒళ్లు మండేది.

రెండు ఊళ్లకూ కలిపి ఒక కొత్త బడి, పక్కనే పార్కు పెట్టడానికి భూమి చూడాలని సర్వేయర్ వచ్చిన రోజు కూడా నేను కంప వేసి, అరచేతిలో దిగిన ముల్లు తీసుకుంటున్నాను. బాపు పోయాక ఆ చేను నన్ను కన్న అవ్వ పేరు మీదికి వచ్చింది. ఆమె సర్వేయర్‌ను నేరుగా చేలోకి తీసుకొచ్చింది.

“రెండూళ్లకు నడిమి జాగ ఏదో కొలిచి చూడాలె గదమ్మా,” అన్నాడాయన.

“కొలుసుడేంది సారూ? గీ తొవ్వ చూడు. పోరగాండ్లు ఎప్పుడో కొలిచిండ్రు.”

“అవ్వా, గిది మంచి పసుపు భూమి!” అని అరిచాను.

“మంచిదని నాకెరికే. పిల్లలకు రాళ్లభూమి ఇయ్యాల్నా?”

సర్వేయర్ టేపు విప్పుతూ నా వైపు తిరిగాడు. “తమ్మీ, జర గా కంప తీయి.”

తీశాను. ఇంకో ముల్లు దిగింది.