బావమరిది ఇచ్చినవి మందులు కావు

అరవైల్లో రాజపాళయంలో నాకు హెర్నియా ఆపరేషన్ నిశ్చయమైంది. ఆ వాపు పత్తి బేలంత ఉండేదని ఇప్పటికీ చెప్తుంటాను. వారం ముందు డాక్టరు అడిగారు: "ఏమేమి మాత్రలు మింగుతా ఉండారు?"

"ఒక్కటీ లేదు డాక్టరయ్యా!" అన్నాను ఛాతీ విరుచుకుని.

అబద్ధం కాదు. నా పేరున చీటీ రాసిస్తేనే అది మందు. బావమరిది తన మోకాలినొప్పికి వాడి, మిగిలితే నాకిచ్చిన ఆస్పిరిన్ చుట్టరికపు మర్యాద. కాదంటే ఏడాది మాట్లాడడు. ఆ మర్యాదను రోజుకు మూడుసార్లు మింగేవాణ్ణి.

పక్కనే కూర్చున్న మా ఆవిడ తన సంచిలోంచి మురుకుల డబ్బా తీసి బల్లమీద బోర్లించింది. మాత్రలు పక్క ఊరు సేత్తూరు దాకా దొర్లాయి.

"ఇవి మురుకులా మరి?" అంది.

డాక్టరు ఒకటి తీసి చూశారు. "ఇవి మింగినోళ్ళను కోస్తే నెత్తురు సులభంగా నిలవదు. ఈ పొద్దే నిలపండి. ఆపరేషన్ పది రోజులు వెనక్కి తోసినాను."

"మా బావమరిది కోపం చేసుకుంటాడే!"

"ఆయనతో నేను మాట్లాడతాను. మీరు బతికుండండి, చాలు."

పది రోజులు ఒక్క మాత్రా ముట్టలేదు. ఆపరేషన్ సుఖంగా జరిగింది. చూడవచ్చిన బావమరిది మంచం పక్కన కూర్చుని, జేబులోంచి పొట్లం తీశాడు.

"నిద్రకు మంచిది బావా, నాకు బాగా పనిచేసినాది."

నేను చేయి చాచేలోపే మా ఆవిడ పొట్లం అందుకుంది. "డాక్టరయ్యకు చూపించినాక ఇస్తాను, అన్నా."