డాక్టరుకు చెప్పని అత్తయ్య

ఒకరోజు జాకెట్ హుక్కులు పెట్టుకుంటుంటే ఎడమవైపు ఏదో గట్టిగా తగిలింది. తడిమి చూస్తే బఠాణీ గింజంత ఉంది. నొప్పి లేదు. నొప్పే లేనిది జబ్బెలా అవుతుందని నెల రోజులు నాన్చాను. అప్పుడు నాకు ముప్పైతొమ్మిదేళ్ళు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చిన కుటుంబం. నాన్న, నాన్న చెల్లెలు ఒకే కాలనీలో కాపురాలు పెట్టారు. ఆ అత్తయ్య కొడుకునే నేను చేసుకున్నాను. బావ ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

మామోగ్రామ్, బయాప్సీ అయ్యాక కేన్సరని తేలింది. డాక్టరమ్మ ఫారం నింపుతూ, మాయకేలో, అంటే పుట్టింట్లో, ఎవరికైనా కేన్సర్ వచ్చిందా అని హిందీలో అడిగింది. అమ్మను, అమ్మమ్మను, పిన్నుల్ని తలచుకుని, ఎవరికీ లేదన్నాను. అంతకు ఆరేళ్ళ ముందే అత్తయ్య ఓవరీ కేన్సర్‌తో పోయింది. ఆర్నెల్లు నేనే ఆమెకు నీళ్ళు పోశాను, పక్క మార్చాను. అయినా ఆమె నాకు అత్తగారు, ఆమె జబ్బు అత్తవారి జబ్బు. నాన్న తోడబుట్టినదన్న లెక్క పెళ్ళయ్యాక మనసులోంచే జారిపోయింది. డిగ్రీ చదివాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీశారు. మే నెల ఎండల్లో కీమో. కూలర్‌లో తడిసిన గడ్డి వాసనకే వాంతి వచ్చేది. గట్టెక్కాననుకున్నాను. మూడేళ్ళకు కుడివైపు వచ్చింది.

ఈసారి కొత్త డాక్టర్. కాగితం మీద మా వంశమంతా గీస్తూ ఒక్కొక్కరు దేనితో పోయారని అడిగాడు. అత్తగారి దగ్గరకు వచ్చేసరికి, ఆవిడ నాన్నకు సొంత చెల్లెలని చెప్పాను. అతను పెన్ను ఆపి నా వైపు చూశాడు. “ఇది మీరు మొదటే చెప్పి ఉంటే జీన్ టెస్టు అప్పుడే రాసేవారమ్మా” అన్నాడు.

బీఆర్‌సీఏ టు మ్యుటేషన్, అంటే రొమ్ము, ఓవరీ కేన్సర్లు తెచ్చే జీన్ లోపం, ఉందని రిపోర్టు వచ్చింది. రెండో రొమ్ము తీశారు, తర్వాత ఓవరీలు తీశారు. ఇది నాన్న నుంచి వచ్చి ఉంటుందని, బావకూ ఉండొచ్చని, ఇద్దరికీ ఉంటే మా అమ్మాయికి ముప్పు ఇంకా పెరుగుతుందని డాక్టర్ చెప్పాడు.

బావ టెస్టుకు ఒప్పుకోలేదు. “పోయిన మడిసి మీద ఇప్పుడు నిందెందుకే? ఇంట్లో ఒకలికి వచ్చింది, సాలదేటి?” అన్నాడు. రెండేళ్ళు అదే మాట. పుట్టింటికి వెళ్ళి ఏడుద్దామంటే, నా వల్లేనా అంటూ నాన్న నాకంటే ముందే కళ్ళు తుడుచుకునేవాడు. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే అయిన దానికి పారిపోవడానికి ఇల్లేది?

చివరకు అమ్మాయి అడిగితే కాదనలేక బావ రక్తమిచ్చాడు. ఆయనకు లేదు. కాగితం నా చేతిలో పెట్టి ఏడ్చాడు. నాకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండింది. ఆ జబ్బు కన్నకొడుకును వదిలేసి మేనకోడల్ని పట్టుకుందే అనుకున్నాను. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఇక అమ్మాయికి ఉంటే, అది నేనిచ్చిందే.

ఇప్పుడు ఆరునెలలకోసారి చెకప్‌కు వెళ్తున్నాను. ఓవరీలు తీసినప్పటినుంచి ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు వస్తాయి, పోతాయి. అవి పెద్ద కష్టం కాదు.

ఇది చదివేవారికి ఒక్కటే చెబుతాను. కుటుంబంలో ఎవరికి ఏం జబ్బని డాక్టర్ అడిగితే నాన్నవైపు వాళ్ళనూ చెప్పండి. మేనరికమైతే అదీ చెప్పండి. ఎవరు దేనితో పోయారో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.

మా అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఒకటి. “పాతికేళ్ళు వచ్చాక టెస్టు చేయించుకుంటాలే అమ్మా. తబ్ తక్ నన్ను పేషెంట్‌లాగా చూడకు, బస్” అంది. అప్పటిదాకా అలా చూడనులే అన్నాను. కానీ అది అద్దం ముందు చేతులెత్తి జడ వేసుకుంటుంటే నా చూపు ఛాతీ మీదికి పోకుండా ఆగేది కాదు. అది గమనించింది కాబోలు, ఈమధ్య తలుపేసుకుని జడ వేసుకుంటోంది.