డాక్టరు గారి అయిదో సీసా

డాక్టరు గారు పోయారన్న కబురు చారుకు తాలింపు పెడుతుండగా తెలిసింది. నా రెండు చేతులూ ఖాళీ లేవని మా ఆయనే ఫోన్ నా చెవి దగ్గర పెట్టాడు. విని అలాగే నిలబడిపోయాను. మూకుడులో ఆవాలు మాడిపోయాయి. ఆ మాడు వాసన అందరికంటే ముందు తగిలింది నా ముక్కుకే. ఒకప్పుడు గిన్నె అడుగంటినా పసిగట్టలేని ముక్కు ఇది. దాన్ని దారికి తెచ్చిన మనిషి కోసం పొయ్యి ఆపి మరీ ఏడ్చాను.

మాది కొత్తగూడలో చిన్న కర్రీ పాయింట్. చుట్టూ హాస్టళ్ళే. సాయంత్రమైతే మెడలో ఐడీ కార్డులు తీయకుండానే పిల్లలు వచ్చి నిలబడతారు. కూర వాసన చూసి ఉప్పు చాలిందో లేదో చెప్పడం మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్య. ఒక జ్వరం వచ్చి తగ్గాక ఆ విద్య మొత్తం ఊడ్చుకుపోయింది. "ఆంటీ, పప్పు పాడైంది" అని ఒకమ్మాయి పొట్లం వెనక్కి తెచ్చిన రోజు, విప్పి ఎంత పీల్చినా నాకేమీ తెలియలేదు. వంట తప్ప నాకు మరో పని రాదు. వాసన తిరిగి రాకపోతే కొట్టు మూసుకోవలసిందే.

వెనక వీధిలోనే డాక్టరు గారి క్లినిక్. ముక్కులోకి లైటు వేసి చూశాక, బల్ల మీద అయిదు గోధుమరంగు సీసాలు వరసగా పెట్టారు. లోపల ఏముందో కనబడకుండా పైన దూది.

"కండ్లు మూసుకో అమ్మా. ఒక రంధ్రం వేలుతోని మూసి, ఇంకోదాంతోని పీల్చు. ముందుగాల వాసన వచ్చిందా లేదా చెప్పు. ఏందన్నది తర్వాత."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏమీ లేదు. వంట మనిషినై ఉండి ప్రతిసారీ తల అడ్డంగా ఊపాలంటే సిగ్గేసింది. అయిదోది ముక్కు దగ్గరికి రాగానే, ఏదైతే అదవుతుందని, "ఇంగువండి!" అన్నాను.

డాక్టరు గారు ఎంత నవ్వారంటే బయట కూర్చున్న వాళ్ళు లోపలికి తొంగి చూశారు. "అది ఖాళీ సీసా అమ్మా! ఖాళీ సీసాల గూడ పోపు పెట్టినవు నువ్వు!"

నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆయన సీసాకు మూత పెడుతూ మెల్లగా అన్నారు. "నేనేం మార్కులు ఏస్తలేను. రాకుంటే రాలేదను. నువ్వు నిజం జెప్తెనే నాకు తొవ్వ దొరుకుతది."

కాఫీ పొడి, లవంగం, సబ్బు, నిమ్మతొక్క. ఆ నాలుగూ రోజూ ఉదయం, సాయంత్రం పీల్చమన్నారు. "ఉత్త ముక్కుతోని కాదు, యాదితోని పీల్చాలె" అనేవారు. లవంగం పీలుస్తూ మా అమ్మ పంటినొప్పిని తలుచుకునేదాన్ని. గ్యాస్ లీకైనా నాకు తెలియదు కదా అని వంటింట్లో అలారం పెట్టించేదాకా ఆయన ఊరుకోలేదు. అన్నాళ్ళూ మా ఆయనే రుచి చూసేవాడు. పాపం, చూసి చూసి లావయ్యాడు.

నెలలు గడిచాక ఒక ఉదయం మొదట తిరిగొచ్చింది సబ్బు వాసన! కాఫీ అయినా కాకుండా ఇదేమిటని చిన్నబుచ్చుకుని చెబితే, "స్నానం చేసి వంటింట్లకు వస్తున్నది. ఫికర్ చెయ్యకు" అన్నారు. అలాగే ఒక్కొక్కటీ వచ్చింది. అన్నిటికంటే చివర ఇంగువ.

ఆ తర్వాత ఆయనే మా కొట్టుకు వచ్చేవారు, గుత్తివంకాయ ఉందంటే తప్పకుండా. జేబులోంచి ఏదో ఒక సీసా తీసి, నాతో కళ్ళు మూయించి, "చెప్పు" అనేవారు. ఎక్కువసార్లు అది అయిదోదే. "ఏమీ లేదండి" అంటే చాలు, మురిసిపోయి ఇంకో కూర కొనేవారు. ఆ ఒక్క సీసానూ మరిగే నీళ్ళతో తానే కడిగి ఎండబెట్టుకునేవారు. "నింపుడు ఎవలైనా నింపుతరు. ఖాళీగ ఉంచుడే కష్టం" అనేవారు.

పదకొండో రోజున హఫీజ్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. డాక్టరు గారి భార్య లోపలికి వెళ్ళి ఆ అయిదో సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "జర చూడు బిడ్డా. సారు వాసన ఏమన్న ఉన్నదా?"

కళ్ళు మూసుకున్నాను. ఒకవైపు మూసి పీల్చాను, తర్వాత రెండోవైపు. అంత ఆశగా అడుగుతున్న మనిషికి ఏదో ఒకటి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమీ లేదమ్మా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కళ్ళనీళ్ళతోనే నవ్వారు. "నాకు గూడ రాలే. గంత మంచిగ కడిగిపెట్టిండు సారు. ఇగ నువ్వే ఉంచుకో."

ఇప్పుడది పోపుల డబ్బా పక్కన బోర్లించి ఉంటుంది. మంచి సీసా ఖాళీగా ఎందుకని మొన్న మా ఆయన అందులో యాలకులు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రోజూ కొట్టు మూశాక దాన్ని నేనే మరిగే నీళ్ళతో కడుగుతున్నాను.