పూనకం రాని సామి

మా అక్క మొగుడు వీరాసామి తట్టాంచావడి ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. బస్సులో ఎవరైనా కాలు తొక్కినా నోరెత్తని మనిషి. అమ్మవారి పండగల ఆడి నెల వచ్చి మా వీధి మారియమ్మ గుడిలో పంబ డోలు మోగిందంటే మాత్రం ఆయనే సామి. ఏళ్లుగా అమ్మ ఆయన మీదికే వస్తోంది. వేపమండలు పట్టుకుని ఊగుతాడు, అరచేతిలో కర్పూరం వెలిగించుకుంటాడు, అడిగినవాళ్లకు అమ్మ మాట చెబుతాడు. చెయ్యి కాలదు. "అమ్మ వస్తే గాని మా అక్క ముందు నీకు గొంతు లేవదే బావా" అని నేను ఆటపట్టిస్తే నవ్వేవాడు.

పోయినేడు నవ్వు ఆగిపోయింది. పండగ మర్నాడు ఆయన అరచేతిలో బొబ్బ కనిపించింది.

"ఏందిది?" అంది మా అక్క పాప్పాత్తి.

"అమ్మ రాలేదు. ఊరికే ఊగినాను."

ఊగి ఊరుకున్నా బాగుండేది. ఆయన ఊగుతుండగా ఎదురింటి అన్నమ్మాళ్ వచ్చి, నర్సు చదువు ముగించిన తన కూతురు ఇలక్కియను చెన్నై ఆసుపత్రిలో పనికి పంపమంటావా అని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి కదా. "వద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటకు పిల్ల ఏడాదిగా మందుల షాపులో నిలబడి మాత్రలు కత్తిరించి ఇస్తోంది. బావ ఆ షాపు ముందు నుంచి పోవడం మానేసి, చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు. చూస్తే నాకు జాలీ వేసేది, ఒళ్లూ మండేది.

ఈ ఏడు ఆడి దగ్గరపడగానే, "నేను గుడికి రాను" అన్నాడు.

"రాకుంటే ఏమని చెప్పేది? పోయినేటిది అబద్ధమనా?" అంది అక్క. పండగనాడు గుడి దగ్గర జనానికి పంచే గంజిలో తొలి గరిటె పోసేది సామి పెళ్లామే. ఆ గరిటె ఆమె మాత్రం ఎలా వదులుతుంది? బావ కక్కలేక మింగలేక తలొంచుకున్నాడు.

పండగ రోజు పంబ మోగింది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. బావ కళ్లు మూసుకుని అమ్మ కోసం ఎదురుచూశాడు. పంబ జోరు పెంచారు. చెమట పట్టింది గాని ఒళ్లు కదల్లేదు. చివరికి భుజాలు తనే ఊపడం మొదలుపెట్టాడు.

అన్నమ్మాళ్ కూతురి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. "అమ్మా, చెన్నై ఆసుపత్రోళ్లు మళ్ళా పిలిచినారు. ఈసారన్నా పంపమంటావా?"

ఇలక్కియ బావ మొహంలోకే చూస్తోంది. బావ ఊగడం ఆపేశాడు. వేపమండలు కింద పడేశాడు.

"నేను వీరాసామిని అక్కా. అమ్మ రాలేదు. పోయినేడూ రాలేదు. నాకేం తెలుసు? పోయేదీ ఉండేదీ ఆ పిల్ల ఇష్టం."

పంబ ఆగింది. ఇక తన్నులే అనుకున్నాను. అన్నమ్మాళ్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"విన్నారా! బిడ్డ ఇష్టమే తన ఇష్టమని అమ్మ చెప్పింది! వీరాసామి ఇంతమందిలో ఇంత గట్టిగా ఏనాడన్నా మాట్లాడినాడా?"

"నేనే అక్కా, నేనే!" అని బావ అరిచాడు. అరిచేకొద్దీ అమ్మకు కోపమొచ్చిందని పసుపు నీళ్లు కుమ్మరించారు. పంబ మళ్లీ అందుకుంది. జనం ఒకరి తర్వాత ఒకరు కాళ్ల మీద పడ్డారు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకుంటాడేమోనని చూశాను. తీసుకోలేదు.

నాలుగు రోజులకు, చెన్నై బస్సెక్కే ముందు ఇలక్కియ మా ఇంటికొచ్చింది.

"పోయినేడు నీ చెయ్యి కాలింది నేను చూసినాను మామా. తెలిసీ నోరు తెరవలేదు. సామి మాట కాదంటే వీధిలో మమ్మల్ని బతకనిస్తారా? అమ్మ రాలేదు కదా, నువ్వెందుకు వద్దన్నావు?"

"పోవచ్చంటే ఎవరూ భయపడరు పాపా. వద్దంటేనే సామి" అన్నాడు బావ. "నాకు ఆ పేరు కావాలనిపించింది. ఇప్పుడూ అనిపిస్తా ఉండాది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల వంచుకోలేదు. పిల్ల తిట్టలేదు, దండమూ పెట్టలేదు. "పోయొస్తాను మామా" అని సంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె గుమ్మం దాటిందో లేదో, వాకిట్లో ఎవరో పిలిచారు.

"సామీ, ఉండారా?"

అక్క నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను.

"ఉండా" అన్నాడు బావ.