అవ్వ చూసిన వెలుగు కోసం ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు వచ్చిన రోజు

మా చిన్నప్పుడు, మా ఊరు సోమలలో, ఒక సాయంత్రం పాలు పితకడానికి దొడ్లోకి వెళ్ళిన అవ్వ చెంబుతో సహా ఉరికొచ్చింది...

"కొండపైన తెల్లగా ఏందో వెలగతాండాది! బిరీన రాండి, సూడండి!"

మేమంతా బయటికి పరిగెత్తేసరికి మబ్బు కమ్మేసింది. ఏమీ కనబడలేదు. చిన్నాయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

మర్నాడు పుంగనూరు బస్సెక్కి పోలీస్ స్టేషన్లో చెప్పి వచ్చింది. ఏదైనా విమానం పడిపోయి, అందులో మనుషులుంటే ఎట్లా అని ఆమె బాధ. ఊరికి మాత్రం అది వేళాకోళమైంది. ఆదివారం చర్చి మెట్ల దగ్గర కూడా, "అవ్వా, ఈ పొద్దు ఆకాశం నించి ఎవురు దిగినారు?" అని అడిగేవాళ్ళు...

ఇంట్లో ఆ నవ్వు తొందరగానే భయంగా మారింది. అవ్వను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నన్ను ఆమె పక్కలో పడుకోనివ్వలేదు. మదనపల్లెలో మతి డాక్టరుకు చూపించాలని చిన్నాయన అమ్మతో గుసగుసగా అనడం నేను విన్నాను. అవ్వ కూడా విన్నది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అట్లాంటి రోజుల్లో మా వాకిట్లో జీపు ఆగింది... బెంగళూరు నుంచి ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు, ఇద్దరు. చిన్నాయన మొహం పాలిపోయింది. అవ్వను పట్టుకుపోతారేమోనని నేను ఆమె చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకున్నాను.

వాళ్ళలో పెద్దాయన నులక మంచం మీద కూర్చొని, "మాది కుప్పమేనమ్మా, భయపడొద్దు. మీరు పోలీసులకు చెప్పింది మా దాకా వచ్చింది. అది యాడ కనపడిందో చెయ్యి సాపి సూపించండి," అన్నాడు.

అవ్వ చూపించింది. రెండో ఆయన దిక్సూచి పెట్టి చూసుకున్నాడు. ఏ రంగు, ఎంతసేపు, శబ్దం వచ్చిందా... అన్నీ అడిగారు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

చివరికి కుప్పం ఆయన చెప్పాడు. "అది పైన గాలిని పరీక్ష చేసేదానికి ఎగరేసిన పెద్ద బెలూనమ్మా. ఈడ పొద్దు గూకినా, అంత ఎత్తులో దానికి ఇంకా ఎండ తగలతాంటాది. అందుకే అట్ల మెరిసింది. దానికి కట్టిన పరికరాల పెట్టె పెద్దతిప్పసముద్రం కాడ చేన్లో దొరికింది. మీరు చూసింది నిజమే."

"అయితే దాంట్లో మనుషులెవురూ లేరా అప్పా?"

"లేరమ్మా."

"దేవునికి స్తోత్రం," అంటూ అవ్వ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చిన్నాయన వైపు తిరిగింది. "విన్యావా? నా మతి బాగానే ఉండాది!"

చిన్నాయన వాళ్ళకు మజ్జిగ తెచ్చాడు. జీపు కదిలాక అవ్వ కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు... ఆమే అతని తల నిమిరింది. "పోనీలేరా... లెయ్యి. నాకు ఆకలైతాండాది."

ఆ రోజు నుంచి నేను మళ్ళీ అవ్వ పక్కలోనే. ఎంత హాయైన నిద్రో అది...

ఇప్పుడు ఆకాశంలో ఏది మెరిసినా అందరి ఫోన్లూ పైకి లేస్తాయి. వీడియో క్షణాల్లో ఊళ్ళు దాటిపోతుంది. మంచిదే... కానీ చేతిలో ఏ రుజువూ లేని ఒక పెద్దామె మాటను అంత ఓపికగా కూర్చొని వినేవాళ్ళు ఇంకా ఉన్నారా అనిపిస్తుంది.

మీ ఇంట్లోనూ మొదట ఎవరూ నమ్మని మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళు ఏం చూశామన్నారు? కింద రాయండి... నేను నమ్ముతాను.