మొప్ప ఎత్తి చూసినావిడ

నర్సీపట్నంలో ఎస్. రాయవరం బస్సెక్కిన నా పక్కన, ఖాళీ చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. నీచు వాసనకి ముక్కు మూసుకున్నాను. నా ఒళ్లో రెండు స్పీకర్లున్నాయి. గోడకి తగిలించేవి, వేలెడు మందం, నా చేత్తో చేసినవి. వాటికి వాసన అంటుతుందని కిటికీ వైపు జరిపాను.

"అవేటి బాబూ, పటాలా?" అంది.

"హోం థియేటర్ స్పీకర్లు," అన్నాను ముక్కు మూసుకునే.

"ఇంత పలసగానా? పాటెక్కడుంటాది?" అంటూ, చేప మొప్ప ఎత్తి చూసినట్టు, బొటనవేలితో ముందున్న నల్లగుడ్డ అంచు ఎత్తింది.

లోపల ఉత్త చెక్క. కొనే పార్టీ ఐదు స్పీకర్లు అడిగింది. మోగేవి మూడే చేశాను. ఈ రెండూ వెనక గోడకి అలంకారం. సినిమా చూస్తూ వెనక్కి తిరిగి చెవి ఆనించేదెవరు?

"నోపలేటీ నేదేటి బాబూ!"

ఆవిడ గుడ్డ సర్దేసి, నా మొహం వైపు ఒకసారి చూసింది.

ఆ పెట్టెలు ఇప్పటికీ నా షాపులోనే ఉన్నాయి. ఏ గోడకీ తగిలించలేకపోయాను. నన్నలా చూశాక ఆవిడ గంప తీసుకుని సీటు చివరికంటా జరిగింది. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.